పుష్యమా, ఆషాఢమా? శ్రీలంకకు ఎప్పుడు పోవాలో తేలడం లేదు

టెంట్‌హౌస్ ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. టెంట్‌హౌస్ నడుపుతాం. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, స్టేజీ సోఫాలు అద్దెకిస్తాం. నాన్న మొదలుపెట్టాడు, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. ఇదంతా ఎందుకంటే, మాకు సెలవులు క్యాలెండర్ చూసి రావు, పంచాంగం చూసి వస్తాయి. ముహూర్తాలు లేని రోజులే మాకు తీరిక.

ఏడాదిలో అట్లాంటి సందులు మూడే. ఒకటి ఆషాఢం. రెండోది భాద్రపదం, అదీ పూర్తిగా కాదు. వినాయక చవితి పందిళ్లు విప్పి, గుంజలు లెక్కపెట్టి గోడౌన్‌లో వేసేసరికి సగం నెల పోతుంది, మిగిలేది మహాలయ పక్షాలు. మూడోది ధనుర్మాసం పట్టిన దగ్గర నుంచి పుష్యం అయ్యేదాకా. వేసవి సెలవుల్లో పోవచ్చు కదా అనకండి. వైశాఖంలో నేను ఊరు దాటితే తమ్ముడు మళ్లీ ఇంట్లోకి రానివ్వడు. దసరా సెలవులూ అంతే, అమ్మవారి మండపాలు ఉంటాయి.

పాస్‌పోర్టులు వచ్చి ఏడాది దాటింది. ఒక్క ముద్ర పడలేదు. యర్రగుంట్లలో రైలెక్కి చెన్నై పోతే, అక్కడి నుంచి కొలంబోకు విమానంలో గంటన్నరే అంటున్నారు కాబట్టి మొదటిసారికి శ్రీలంక అనుకున్నాం. నేను, అమ్మ, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే పాప. నలుగురం, ఎనిమిది రోజులు.

ఇప్పుడు అసలు తంటా. అమ్మ ఆలంపురం జోగులాంబను చూసింది, శ్రీశైలం భ్రమరాంబను లెక్కలేనన్ని సార్లు చూసింది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిది లంకలోని శాంకరీదేవి. తూర్పు తీరంలోని ట్రింకోమలిలో సముద్రం అంచున కొండ మీద కోనేశ్వరస్వామి గుడి ఉందే, అక్కడ. మోకాళ్లు మాట వింటున్నప్పుడే ఆ తల్లిని చూపించరా అంటోంది. పాపకు నీలి తిమింగలం కావాలట, దక్షిణ తీరంలో మిరిస్సా అనే ఊరి నుంచి పడవలు పోతాయని స్కూల్లో ఎవరో చెప్పారు. మా ఆవిడకు నువర ఎలియ టీ తోటలు, అక్కడికి దగ్గర్లోని సీతమ్మ గుడి, కొండల్లో రైలు. నాకంటూ ఏమీ లేదు. వాన పడకపోతే చాలు. వాన అంటే మీకు వాతావరణం, నాకు నష్టం. తడిసిన షామియానాను ఇద్దరు ఎత్తలేరు. రెండు రోజులు ఆరబెట్టకుండా మడిచి పెడితే తెల్లగుడ్డ మీద నల్లచుక్కలు పడతాయి, ఏ సబ్బుకూ పోవు, ఆ తర్వాత ఆ గుడ్డ వంటపందిరికి తప్ప పనికిరాదు. ఎనిమిది రోజులైనా మబ్బు వైపు చూడకుండా బతకాలని ఉంది.

ఒక ట్రావెల్స్ ఆయనను అడిగితే (పేరెందుకు లెండి) "శ్రీలంక ఏడాది పొడుగునా బాగుంటుంది సార్, అడ్వాన్స్ కట్టేయండి" అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్‌లో చూస్తే లెక్క వేరే ఉంది. జనవరిలో మిరిస్సా బాగుంటుంది, ట్రింకోమలిలో వాన. జూలైలో ట్రింకోమలి బాగుంటుంది, మిరిస్సాలో సముద్రం పొంగి ఉంటుంది, నువర ఎలియలో ముసురు. అంటే అమ్మకు ఒక నెల, పాపకు ఒక నెల. చిన్న దేశం కదా, ఇన్ని వానాకాలాలు ఎట్లా? పోయొచ్చినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. మహాలయ పక్షాల్లో పోతే రెండూ కలిసొస్తాయా? ఆ పక్షాల్లో అమావాస్యకు నాన్నకు పెట్టుకోవాలి, ఆ రోజుకు మాత్రం ఇంట్లో ఉండాలి.

బైపాస్ బుల్లెట్

అన్నా, ట్రావెల్స్ ఆయన అబద్ధం చెప్పలేదు. ఏడాది పొడుగునా అక్కడ ఎక్కడో ఒకచోట బాగానే ఉంటుంది. మీ వ్యాన్ పోయే చోట కాదు, అంతే. ఇంత లెక్కలెందుకు, బ్యాంకాక్ పోండి.

టెంట్‌హౌస్ ప్రొద్దుటూరు

అమ్మను తీసుకునా తమ్ముడూ?

రెయిన్‌గేజి తాత, ఉరవకొండ

నాయనా, "చిన్న దేశం కదా" అన్నావు. పాత నాలుగు జిల్లాల రాయలసీమ దాదాపు 67 వేల చదరపు కిలోమీటర్లు. శ్రీలంక 65,610. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు కలిపితే ఎంతో అంత అన్నమాట. మరి మన సీమలో వాన అంతటా ఒకేసారి పడుతుందా? నవంబరులో రాజంపేట, కోడూరు వైపు వాగులు పొంగుతుంటాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్టే కొట్టుకుపోయింది. అదే నెలలో మా ఉరవకొండలో తుంపర పడితే జనం బయటికొచ్చి చూస్తారు.

నేను ప్రభుత్వ కొలువులో ఉన్నంతకాలం రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు రెయిన్ గేజి చూసి రిజిస్టరులో రాయడం నా పని. గరాటు తీసి, లోపలి సీసాలో నీళ్లు కొలగ్లాసులో పోసి చూడాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు నేను తీసింది నీళ్లు కాదు, సాలీడు గూడు. సున్నా పాయింట్ సున్నా అని రాసి సంతకం పెట్టేవాణ్ని. అందుకే ఈ గాలుల సంగతి నాకు కాస్త ఎక్కువ పట్టింపు. విసుగనిపిస్తే కిందికి పో.

మనకు వాన తెచ్చేవి రెండు గాలులు. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి వచ్చి పడమటి కనుమల్ని గుద్దుకుని ఉన్న తడంతా అక్కడే దించేస్తుంది, మన దగ్గరికి వచ్చేసరికి వట్టి గాలి. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో మా ఊళ్లో తలుపులు బాదుకుంటాయి, మబ్బులు పరుగెత్తుతాయి, చుక్క రాలదు. ఆ తర్వాత ఈశాన్య గాలి బంగాళాఖాతం వైపు నుంచి వస్తుంది. అది కోస్తాకు, చిత్తూరుకు, కడపలో తూర్పు పక్కకు పెట్టి, మా దాకా వచ్చేసరికి మూట ఖాళీ. రెండు పక్కలా పెళ్లిభోజనం జరుగుతుంటే నడుమ కూర్చున్నవాడికి విస్తరి రానట్టు. ఏడాది మొత్తానికి అనంతపురానికి దక్కేది 550 మిల్లీమీటర్ల చిల్లర.

శ్రీలంకకు వచ్చేవీ ఆ రెండు గాలులే. తేడా ఏమంటే కొండలు వాళ్లకు దేశం నడుమ, కాస్త దక్షిణంగా ఉన్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కొలంబో, గాలె, రత్నపుర, నువర ఎలియ వైపు కొండల్ని తడిపి, అవతలికి దిగేసరికి ఎండిపోతుంది. ట్రింకోమలి, మట్టకళప్పు వైపు తమిళులు ఆ పొడి గాలిని కచ్చాన్ అంటారు. అది మా ఆరుద్ర గాలికి అక్క. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి, అప్పుడు తిరగబడుతుంది. తూర్పు తడుస్తుంది, దక్షిణం, పడమర పొడిగా ఉంటాయి. వాళ్ల రైతులు కూడా మనకు ముంగారు (ఖరీఫ్), హింగారు (రబీ) ఉన్నట్టే యల, మహా అని రెండు పంటకాలాలు లెక్కపెట్టుకుంటారు. పొడి ప్రాంతానికి పెద్ద పంట మహాదే, అంటే మన హింగారు.

నీకు ముఖ్యం ఈ రెండింటి నడుమ ఉన్న అక్టోబరు, నవంబరు. అప్పుడు గాలి ఒక దిక్కున నిలవదు, మధ్యాహ్నానికి ఉరుములు, దానికి తోడు బంగాళాఖాతంలో తుపాన్లు. ఆ రెండు నెలలు ఏ మూలకు పోయినా తడుస్తావు. కొలంబోలో ఒక్క నవంబరులోనే సగటున 400 మిల్లీమీటర్ల పైన పడుతుంది. మనకు ఏడాదికి పడేదాంట్లో మూడొంతులు ఒక్క నెలలో! 2025 నవంబరు చివర దిత్వా తుపాను వాళ్ల కొండల్లో వందల మందిని పొట్టన పెట్టుకుంది. కాబట్టి మహాలయ పక్షాల ఆలోచన వదిలెయ్. ముందుగా వచ్చిన ఏడు సెప్టెంబరులో పడి పర్వాలేదనిపిస్తుంది, వెనక్కి జరిగిన ఏడు అక్టోబరులో పడుతుంది. పైగా యాల జంతువుల పార్కును మామూలుగా సెప్టెంబరు నుంచి అక్టోబరు నడిమి దాకా మూసి ఉంచుతారు.

ఇంకోటి. వాళ్లు "ఎండు ప్రాంతం" అంటే మన ఎండు అనుకోవద్దు. బాగా పొడి అని చెప్పే మన్నారు, హంబన్‌తోట వైపు కూడా ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల దరిదాపు. మనకు రెండింతలు! నేను మా అబ్బాయితో ఆగస్టులో పోయినప్పుడు అక్కడి డ్రైవరు "ఇదంతా కరువు సీమ సార్" అని చూపించాడు. బయట చూస్తే పచ్చగా ఉంది. నేనేమీ అనలేదు.

ఆ ఆగస్టులోనే మిన్నేరియ చెరువు చూశాం. మన పోరుమామిళ్ల చెరువు 1369 నాటిదని గొప్పగా చెప్పుకుంటామే, అది అంతకు వెయ్యేళ్లు పాతది. ఎండకు నీళ్లు వెనక్కి పోతే అడుగున లేతగడ్డి మొలుస్తుంది, దానికోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ వస్తాయి. నేను నూట ముప్పై దాకా లెక్కపెట్టి వదిలేశాను. మన దగ్గర చెరువు ఎండితే గొర్రెలు దిగుతాయి, అక్కడ ఏనుగులు. తూర్పు పొడిగా ఉన్నప్పుడే ఆ దృశ్యం. నీకున్న మూడు సందుల్లో నేనైతే ఆషాఢానికే ఓటేస్తా.

టెంట్‌హౌస్ ప్రొద్దుటూరు

తాతా, దండాలు. విస్తరి మాట మా ఇంట్లో చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. కానీ ఆషాఢం అంటే పాపకు స్కూలు. పుష్యంలో అయితే సంక్రాంతి సెలవులు కలిసొస్తాయి. జనవరి వాన అంటే అక్కడ ఎట్లాంటి వాన? రోజంతా ముసురా, మన జల్లు లాంటిదా? గుడి దర్శనానికి అడ్డమా?

కొండారెడ్డి బురుజు కింద

అన్నా, మేము కర్నూలు నుంచి సంక్రాంతి సెలవుల్లోనే పోయాం. నేను, మావారు, మా అత్త, బాబు. కాబట్టి మీ జనవరికి జవాబు నేను చెప్తాను.

ట్రింకోమలిలో రెండు రాత్రులు ఉన్నాం. నవంబరు, డిసెంబరుల్లో ఉన్నంత వాన జనవరిలో ఉండదు, నెల చివరికి ఇంకా తగ్గుతుంది అన్నారు, నిజమే కావచ్చు. మాకు మొదటి రోజు ఉదయం బాగా ఎండ. మధ్యాహ్నం రెండింటికి సముద్రం మీద నుంచి తెర దించినట్టు వచ్చింది. నిలువుగా పడదన్నా అక్కడ, అడ్డంగా పడుతుంది. గొడుగు తెరవగానే తిరగబడి కమ్మీలు బయటికొచ్చాయి. గంటసేపు కొట్టి ఆగింది. రాత్రి మళ్లీ.

కానీ గుడికి అడ్డం కాలేదు. పాత కోట గుమ్మం దాటి కొండ ఎక్కాలి, కోట లోపల జింకలు ఆవుల్లా తిరుగుతుంటాయి, మా అత్త చేతిలో అరటిపండు చూసి ఒకటి వెంటబడింది కూడా. గుడి ఒక బండ కొనకు ఉంది, వెనక్కి వంగి చూస్తే కింద వట్టి నీళ్లు. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టుకున్నది. వాన వల్ల జనం లేరు. అత్త అమ్మవారి ముందర ఇరవై నిమిషాలు కూర్చుంది, లేవమన్నవాడు లేడు. మన జోగులాంబ దగ్గర శుక్రవారం అంతసేపు కూర్చోనిస్తారా?

పాడైంది సముద్రం. నిలావెలి బీచ్‌లో గది అని ప్యాకేజీలో రాసి అమ్మారు, ఎవరు అమ్మారో వద్దులే. నీళ్లు మట్టిరంగులో, అలలు ఎత్తుగా, దిగొద్దన్నారు. పావురాల దీవికి పడవలు పోవన్నారు. రెండు రోజులు బాబు కిటికీ దగ్గర కూర్చుని బిస్కెట్లు తిన్నాడు. డబ్బు వెనక్కి అడిగితే "వాన మా చేతుల్లో ఉందా మేడం" అన్నారు. వాళ్ల చేతుల్లో లేదు, కానీ జనవరిలో అక్కడ వాన అని వాళ్లకు తెలుసు కదా.

అదే జనవరిలో నాలుగు రోజుల తర్వాత మిరిస్సా. అద్దం లాంటి సముద్రం. ఉదయం ఆరున్నరకు పడవ. రెండు గంటలు ఏమీ లేదు, ఇద్దరు కవర్లలో వాంతులు (బస్సు పడనివాళ్లు ముందే మాత్ర వేసుకోండి). తర్వాత దూరంగా, ఎవరో నిప్పుల మీద చెంబెడు నీళ్లు పోసినట్టు తెల్లటి ఆవిరి లేచింది. దాని వెనక నీలం, బూడిదరంగు కలిసిన వీపు. అది పోతూనే ఉంది, పోతూనే ఉంది, ఇంకా తోక రాలేదు. మా బాబు మాట్లాడ్డం మానేశాడు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ మంచి కాలం.

నువర ఎలియ జనవరిలో పగలు హాయి, రాత్రి గడ్డకట్టే చలి. 1,868 మీటర్ల ఎత్తు. మన హార్స్‌లీ హిల్స్ 1,265, ఇంక చూసుకోండి. చాలా గదుల్లో ఫ్యానూ ఉండదు, హీటరూ ఉండదు. అత్త మంకీ క్యాప్ తీయలేదు, ఫోటోలన్నింట్లో ఆమె కళ్లే కనిపిస్తాయి.

నేను చెప్పేది ఒకటే అన్నా. గుడి గొడుగు కింద అవుతుంది. రైలు కిటికీ మూసుకుంటే అవుతుంది. వానలో కాని పని సముద్రం ఒక్కటే. కాబట్టి పాప తిమింగలాన్ని బట్టి నెల ఎంచుకోండి, మిగతావి సర్దుకుంటాయి. అంటే పుష్యం.

కడప టు కొలంబో

అక్క చెప్పిన సూత్రం నూటికి నూరుపాళ్లు కరెక్ట్. జవాబు మాత్రం ఒప్పుకోను.

మాది కడప. కొలంబో దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేశాను. అన్నా, తిమింగలాలు మిరిస్సా సొత్తు కాదు. మే నుంచి ఆగస్టు దాకా ట్రింకోమలి నుంచి కూడా పడవలు పోతాయి, అక్కడా నీలి తిమింగలాలు కనిపిస్తాయి. ట్రింకోమలి హార్బరు దగ్గరే సముద్రం చాలా లోతు, అందుకే అవి ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. కనిపిస్తాయని ఎవరూ రాసివ్వరు, మిరిస్సాలో అయినా అంతే. కానీ ఆషాఢంలో అమ్మ గుడీ, పాప తిమింగలమూ ఒకే ఊళ్లో. మూడు రాత్రులు అక్కడే దిగండి, ఒక ఉదయం పోతే ఇంకో ఉదయం ఉంటుంది. నిలావెలి నీళ్లు అప్పుడు చెరువులా ఉంటాయి. దగ్గర్లో కన్నియ అని ఏడు వేడినీళ్ల బావులు, చిన్నచిన్నవి. రావణుడు తల్లికి కర్మ చేయడానికి తవ్వాడని చెప్తారు. అమ్మకు నచ్చుతుంది.

ఇక కొండలు. "నువర ఎలియలో జూలైలో ముసురు" అన్నది నిజం. కానీ కొండకు రెండు పక్కలు ఉన్నాయి. దీనికి వాతావరణ శాఖ అక్కర్లేదు, టీ వ్యాపారిని అడిగితే చాలు. డింబుల, నువర ఎలియ వైపు మంచి టీ వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. అవతల ఊవ వైపు, అంటే బదుళ్ల, బండారవెల, ఎల్ల వైపు, మంచి టీ జూలై నుంచి సెప్టెంబరు దాకా. ఆ పొడి గాలికి ఆకు నెమ్మదిగా పెరిగి వాసన పట్టుకుంటుందంటారు. తాత చెప్పిన ఆరుద్ర గాలి అక్కే, టీ రేటు పెంచేది కూడా ఆమే. వదినకు కావాల్సింది టీ తోటలు కదా, ఎల్లలో దిగండి.

రైలు గురించి. కాండీ నుంచి ఎల్ల పోయే దారిలో నాను ఓయ వస్తుంది, అది నువర ఎలియకు స్టేషన్. ఆ తర్వాత పట్టిపోల, దేశంలో అన్నింటికన్నా ఎత్తున ఉన్న స్టేషన్. అది దాటగానే ఒక సొరంగం. నేను ఒక జూలైలో పోయినప్పుడు పట్టిపోలలో అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి, ఎదురుసీటు పెద్దాయన స్వెట్టర్ గుండీలు పెట్టుకున్నాడు. సొరంగంలో చీకటి, పిల్లల కేకలు. బయటికి రాగానే కళ్లు మూసుకోవాల్సినంత ఎండ. పెద్దాయన ఏమీ అనకుండా గుండీలు విప్పేశాడు. రోజూ పోయేవాళ్లకు అలవాటు. ఒక్క హెచ్చరిక: దిత్వా తుపానుకు ఆ మార్గం బాగా దెబ్బతింది. టికెట్లు కొనే ముందు ఏ ముక్క నడుస్తోందో కనుక్కోండి, లేకపోతే వ్యాన్‌లోనే పోవాలి. వీసా నిబంధనలు కూడా మారుతుంటాయి, వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏజెంట్ మాట మీద వద్దు.

కొలంబో గురించి భయం వద్దు. మేలో అక్కడ సుమారు 390 మిల్లీమీటర్లు పడుతుంది, జూలైలో 120 చిల్లర. సముద్రం మాత్రం గరుకుగా ఉంటుంది, దక్షిణం వైపు బీచ్‌లకు పోకండి.

ఆషాఢంలో చూసుకోవాల్సింది వాన కాదు, జనం. కాండీలో ఎసల పెరహెర జూలై, ఆగస్టుల్లో వస్తుంది, అలంకరించిన ఏనుగుల ఊరేగింపు, పది రోజుల పైనే. ఆ రోజుల్లో కాండీలో గది ముందే పట్టుకోవాలి, రేటు అడక్కూడదు. చూస్తానంటే చూడండి, లేకపోతే ఆ తేదీలు తప్పించండి. జాఫ్నా వైపు నల్లూరు కందస్వామి ఉత్సవాలు కూడా ఆ రోజుల్లోనే, 25 రోజులు. 

అమ్మ శాకాహారి అయితే ఒక మాట. కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబోల్‌లో ఎండుచేప పొడి కలుపుతారు. అడిగి తినండి. ట్రింకోమలిలో తమిళుల శైవ హోటళ్లు ఉన్నాయి, ఇబ్బంది లేదు.

కొండారెడ్డి బురుజు కింద

ట్రింకోమలిలో తిమింగలాలు ఉంటాయని మాకు ఎవరూ చెప్పలేదు బాబూ. తెలిసుంటే మావారి లీవు జూలైకి మార్చుకునేవాళ్లం. ఓడిపోయాను, అన్నా ఆషాఢమే పోండి. నా పేరు చెప్పి జింకకు ఒక అరటిపండు పెట్టండి.

బైపాస్ బుల్లెట్

సొరంగం రీల్ పెట్టు అన్నా, పోయినాక.

టెంట్‌హౌస్ ప్రొద్దుటూరు

రాత్రి షాపు మూసి వచ్చాక అందరం కూర్చున్నాం. తమ్ముణ్ని కూడా పిలిచాను. వాడు మొదట్లోనే అడ్డం పడ్డాడు: పుష్యంలో నేను మాల వేసుకుని శబరిమల పోతాను కదా, ఇద్దరం లేకుంటే షాపు ఎవరు చూస్తారు అని. ఏటా పోతాడు, మకరజ్యోతి చూసే వస్తాడు. ఇంట్లో వాడి ఇరుముడి నేనే మోసి రైలెక్కిస్తాను, ఇక్కడ రాసేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. అంటే పుష్యం అనేది మొదటి నుంచీ లేనేలేదు.

కాబట్టి ఆషాఢం. ఆ నెలలో మాకు ఒక్క పనే, చిరిగిన షామియానాలకు మాసికలు వేయించడం. కుట్టే మనిషి దగ్గర కూర్చోవడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు. పాపకు ఐదు రోజులు స్కూలు పోతుంది. క్లాసు టీచరుకు లెటర్ రాస్తే సరిపోతుందని పాపే చెప్పింది, రాసి కూడా ఉంచింది, కారణం దగ్గర "విజ్ఞాన యాత్ర" అని పెట్టింది.

దారి ఇట్లా అనుకున్నాం. విమానం దిగి మొదటి రాత్రి మిన్నేరియ చెరువుకు దగ్గర్లోని హబరణలో, వీలైతే తాత ఏనుగులు. తర్వాత ట్రింకోమలి మూడు రాత్రులు. కాండీ ఒక రాత్రి, పెరహెర తేదీలు చూసుకుని. అక్కడి నుంచి రైలు ఉంటే రైలు, లేకపోతే వ్యాన్. ఎల్లలో రెండు రాత్రులు. మిరిస్సా కొట్టేశాం.

మిగిలింది నువర ఎలియ. తడి పక్క కదా, వదిలేసి నేరుగా ఎల్లకు పోదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. సీతమ్మ గుడి ఆ పక్కనే ఉంది, ఒక పూట ఆగాల్సిందే అంది. ముసురు పడుతుంది, తడుస్తాం అన్నాను. "పెళ్లయి పదహారేళ్లు, వాన పడిందంటే నువ్వు టార్చి తీసుకుని పరుగెత్తడమే చూశాను. అక్కడ తడిసేది మన షామియానా కాదు కదా, పడనీ" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మ మాత్రం గొడుగులు నాలుగు పెట్టమంది. కమ్మీలు గట్టివి చూసి తెమ్మంది.